తొమ్మిదో గ్రీన్ కింద ఉప్పు

కిందటి భాగం చేతికి దొరకనివారి కోసం నాలుగు మాటలు. ఐర్లండ్‌లో, కార్క్ నగరానికి పడమట, బాలింకాలిగ్ దాటాక, లీ నది ఒడ్డున గ్లెన్‌డరా గోల్ఫ్ క్లబ్బు ఉంది. 1997 చలికాలం వెళ్లాక అక్కడి గడ్డి చచ్చిపోతే, మందు తప్పుడు పాళ్లలో కలిపి కొట్టాడని మైదానం గడ్డి బాగోగులు చూసే త్రినాథ్ అనే గ్రీన్‌కీపర్ని పనిలోంచి తీసేశారు. ఆ ఉత్తరం కింద సంతకం చేసినవాడు అప్పటి కమిటీ సభ్యుడు, ఇప్పటి క్లబ్బు కెప్టెన్ కృష్ణప్రసాద్. చీరాలవాడైన త్రినాథ్‌ని పిలిపించి ఆ పనిలో పెట్టించినవాడూ అతనే. ఇప్పుడు 2001 మార్చి. చలికాలం మళ్లీ గట్టిగా కొట్టింది, గడ్డి మళ్లీ చచ్చింది. కారణం తేల్చమని క్లబ్బు డ్రోహెడాలోని ఒక మట్టి పరీక్షల ల్యాబుకి రాస్తే, ల్యాబు గిరిజాకుమారిని పంపింది. ఆమె త్రినాథ్ భార్య. ఆ సంగతి క్లబ్బులో కృష్ణప్రసాద్‌కి తప్ప ఎవరికీ తెలియదు. నిన్న సాయంత్రం పనిముట్ల షెడ్డులో, లాట్వియా నుంచి వచ్చి అక్కడ గ్రీన్‌కీపరుగా చేస్తున్న మార్తా, గిరిజ చెయ్యి పట్టుకుని జనవరిలో జరిగిందంతా చెప్పింది. "మందు కాదు మేడమ్. ఉప్పు. కెప్టెన్ తన చేత్తో చల్లాడు."

తెల్లవారాక ఎండ వచ్చింది గానీ దానిలో వేడి లేదు. పశువులకి గాలికుంటు సోకుతుందన్న భయంతో పది రోజులుగా క్లబ్బుకి ఆటగాళ్లని రానివ్వడం లేదు. గేటు దగ్గర మందునీళ్లు పోసిన పట్టా పరిచారు. లోపలికొచ్చే ప్రతి బూటూ దాని మీద తడవాల్సిందే. మనుషులు లేని మైదానం మీద కాకులు దర్జాగా తిరుగుతున్నాయి.

గిరిజాకుమారి తొమ్మిదో గ్రీన్ మీద మోకాళ్లు ఆనించి కూర్చుని ఉంది. బంతిని గుంతలోకి దొర్లించే చోట తివాచీలా నున్నగా కత్తిరించి పెంచే గడ్డినే గ్రీన్ అంటారు. మైదానంలో అలాంటివి పద్ధెనిమిది. మూడు రోజుల్లో ఆమె అన్నిటినీ చూసింది. పదిహేనింటి మీద గులాబీ రంగు అంచుతో గుండ్రటి మచ్చలున్నాయి. మంచు కింద బూజు పట్టిన గుర్తులవి. చలికాలం కొట్టిన దెబ్బే. వేర్లు మాత్రం బతికి ఉన్నాయి. నేల కాస్త వేడెక్కాక సన్నటి రంధ్రాలు పొడిచి, ఇసుక పోసి, కొత్త విత్తనం చల్లితే మే నెలాఖరుకి కోలుకుంటాయి.

మిగిలిన మూడింటి కథ వేరు. ఒకటి, రెండు, తొమ్మిది. వాటి గడ్డిని రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, వేరుతో సహా ఊడి చేతిలోకి వస్తోంది. ఎండిన చోట్లు గుండ్రంగా కూడా లేవు. విత్తనాలు చల్లేవాడి చెయ్యి ఎలా తిరుగుతుందో అలా వంపులు తిరిగి ఉన్నాయి. పొద్దున డ్రోహెడా నుంచి వచ్చిన ఫ్యాక్స్ ఆమె కోటు జేబులో ఉంది. రెండు నెలల వాన చాలావరకూ కడిగేసింది గానీ, ఆ మూడింటి అడుగునున్న బంకమట్టి ఉప్పుని పూర్తిగా వదల్లేదు. మిగతా పదిహేనింటిలో దాని జాడే లేదు.

ఆ కాగితాన్ని ఆమె పొద్దుట్నుంచి నాలుగుసార్లు తీసి చదువుకుంది. చదివిన ప్రతిసారీ ఒళ్లంతా ఏదో హాయి పాకింది.

నాలుగేళ్లుగా ఆమె కృష్ణప్రసాద్‌తో మాట్లాడుతూనే ఉంది. గిన్నెలు తోమేటప్పుడు, ల్యాబులో మట్టి జల్లెడ పట్టేటప్పుడు, బస్సు కోసం వానలో నిలబడ్డప్పుడు, మనసులోనే అతన్ని ఎదురుగా నిలబెట్టి అడుగుతూనే ఉంది. మొదట్లో ఆ మాటల్లో ఏడుపుండేది. తర్వాత తిట్లు వచ్చాయి. ఈ మధ్య రెండూ పోయి ఒకే ఒక్క కోరిక మిగిలింది. ఆ మనిషి ముఖంలో రంగు మారడం దగ్గరగా చూడాలి. గుంటూరులో క్రికెట్ మైదానం గడ్డిని కన్నబిడ్డలా పెంచిన త్రినాథ్, ఇప్పుడు నావన్ దగ్గర కిటికీలు లేని షెడ్లలో పుట్టగొడుగులు కోస్తున్నాడు. దారిలో ఎక్కడైనా పచ్చిక కనబడితే తల తిప్పుకుంటాడు. ఆ తల తిప్పుకోవడం చూసినప్పుడల్లా ఆమె పళ్లు బిగుసుకునేవి.

"ఏం గిరిజమ్మా, పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు. లోపల సూప్ వేడిగా ఉంది, రా."

ఆమె తలెత్తింది. కృష్ణప్రసాద్ గ్రీన్ అంచున నిలబడి ఉన్నాడు. క్లబ్బు ముద్ర కుట్టిన నీలం కోటు, మెరుస్తున్న తోలు బూట్లు. బాలింకాలిగ్ దగ్గరి మందుల కంపెనీలో పెద్ద హోదా అతనిది. ఈ జనవరి నుంచి గ్లెన్‌డరాకి కెప్టెన్. వందేళ్ల క్లబ్బులో ఆ కుర్చీ ఎక్కిన మొదటి భారతీయుడని పేపర్లో ఫొటో కూడా వేశారు. ఒకప్పుడు ప్రతి ఆదివారం అతనింట్లోనే భోజనం చేసేవాళ్లు త్రినాథ్, గిరిజ. అతని భార్య గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఇచ్చేది. అన్నయ్యగారూ అని పిలవమన్నదీ అతనే.

"పనవగానే వస్తానండీ, అన్నయ్యగారూ."

"నాలుగింటికి కమిటీ మీటింగ్. నీ రిపోర్ట్ ఒకసారి నేను చూస్తే మంచిది. లాంగ్వేజ్ అదీ కొంచెం చూడాలి కదా. ఇక్కడివాళ్లకి ఏది ఎలా చెప్పాలో నీకంత ఐడియా ఉండదు."

"ఏం రాయమంటారు?"

అతను క్లబ్బు భవనం వైపు చూశాడు. కిటికీ వెనక టీ కప్పులతో ఇద్దరు ముసలి సభ్యులు నిలబడి ఇటే చూస్తున్నారు. వాళ్లకి తెలుగు రాదని తెలిసినా గొంతు తగ్గించాడు.

"మార్తా మంచిపిల్లే. కానీ మందులు కలపడంలో కేర్‌లెస్. ఆపరేటర్ ఎర్రర్, కెమికల్ బర్న్, అంతే. రెండు లైన్లు రాసెయ్. కమిటీ కూడా అంతకంటే ఏమీ అడగదు. మన పిల్లవి నువ్వొచ్చావని తెలిసి నేనెంత సంతోషించానో!"

త్రినాథ్‌కి ఇచ్చిన ఉత్తరంలోనూ సరిగ్గా అవే మాటలు. అక్షరం తేడా లేదు.

"ఆ రెండు లైన్లూ నాకు కంఠతా వచ్చండీ," అంది గిరిజ. "ఇలా రండి. వంగి చూడండి."

"దేన్ని?"

"గడ్డిని. మీరు కెప్టెన్ కదా. మీటింగులో అడుగుతారు. చూడకుండా ఎలా చెప్తారు? మోకాళ్ల మీద కూర్చోండి, అలా అయితేనే కనిపిస్తుంది."

అతను తన ప్యాంటు వైపు చూసుకున్నాడు. కిటికీ వైపు చూశాడు. నిపుణురాలు రమ్మంటే కెప్టెన్ రాలేదన్న మాట పడటం ఇష్టం లేక, నవ్వుతూనే తడి నేల మీద మోకాళ్లు ఆనించాడు. చల్లటి నీళ్లు గుడ్డలోకి ఇంకడం గిరిజ చూసింది. నిజానికి అతను నిలబడే చూడొచ్చు. కూర్చోబెట్టాలని ఆమెకి కావాలి. అందుకే తొందరపడలేదు. ఇనుప గొట్టం నేలలోకి దించి, నెమ్మదిగా తిప్పి, జానెడు మట్టి కడ్డీని పైకి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"వాసన చూడండి."

చూశాడు. "ఏమీ రావట్లేదే."

"బతికున్న మట్టయితే వస్తుంది. సరే, ఇప్పుడు కొంచెం నాలిక మీద వేసుకోండి."

"ఏంటమ్మా ఈ వేళాకోళం?"

"ఉప్పగా ఉందో లేదో చెప్పండి, అన్నయ్యగారూ."

రెండు నెలల వాన తర్వాత నాలిక్కి తెలిసేంత ఉప్పు అందులో ఉండదని ఆమెకి తెలుసు. కానీ ఆ ముఖం కోసమే అడిగింది. ముందు నవ్వు ఆగిపోయింది. తర్వాత పెదాల చుట్టూ చర్మం తెల్లబడింది. ఆ తెలుపు మెల్లగా బుగ్గల మీదికి పాకింది. ఆమె రెప్ప వెయ్యకుండా, కడుపునిండా చూసింది.

"జనవరి పదహారు," అంది. "మీ కంపెనీ హెడ్డాఫీసు నుంచి ముగ్గురు పెద్దవాళ్లొచ్చారు. ఆ పొద్దున గడ్డి మంచుతో కొయ్యబారిపోయి ఉంది. అప్పుడు దాని మీద కాలు పెట్టకూడదని మార్తా మీకు చెప్పింది. మీరు వినలేదు. కార్ పార్కులో, దార్ల మీద మంచు కరగడానికి ఉంచే ఉప్పు పెట్టె తెరిచారు. మీరే పార పట్టి చల్లారు. క్లబ్బుకి దగ్గరగా ఉన్న మూడు చోట్ల వాళ్లని ఆడించి, ఫొటోలు దిగి పంపించారు. ఫ్యాక్స్ నా దగ్గరుంది. చదివి వినిపించనా?"

అతను మట్టిని కింద పడేసి లేచాడు. రెండు మోకాళ్ల మీదా గుండ్రంగా తడి, దాని మధ్య బురద. చేత్తో దులపబోతే బురద ఇంకా వెడల్పయింది.

"తొంభై ఏడులోనూ ఇదేనా?" ఆమె కూడా లేచింది. "అప్పుడూ ఉప్పేనా?"

కృష్ణప్రసాద్ జేబురుమాలు తీసి వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. ఆ కాసేపట్లోనే అతనికి ఊపిరి అందింది.

"అవును. అప్పుడూ ఉప్పే. అడిగావు కాబట్టి చెప్తున్నా. త్రినాథ్ పక్కనే ఉండి వద్దు సార్, వద్దు సార్ అంటూనే ఉన్నాడు. ఇంట్లో చెప్పలేదా నీకు?"

ఆమె ఇనుప గొట్టానికి అంటిన మట్టిని బొటనవేలితో తుడిచింది.

"చెప్పలేదన్నమాట. ఎందుకు చెప్పలేదో నేను చెప్తా విను. డ్రోహెడాలో నిన్ను ఇంటర్వ్యూ చేసినప్పుడు మీ డైరెక్టర్ ఏం అడిగాడు? గుర్తు చేసుకో."

గిరిజకి గుర్తుంది. పది నిమిషాల్లో అయిపోయింది. ఆమె చదువుకున్న బాపట్లలో ఎండ ఎంత ఉంటుందని అడిగాడు. ఐరిష్ వాన అలవాటైందా అన్నాడు. మొక్కల తెగుళ్ల మీద ఆమె రాసిన థీసిస్ బల్ల మీదే ఉంది, తెరవలేదు. ముందే చదివేసి ఉంటాడనుకుని ఆ రోజు ఎంత గర్వపడిందో!

"ఆయన ఏడాదికి రెండుసార్లు నాతో ఇక్కడే ఆడతాడు. నేను ఫోన్ చేశాను. ఎందుకు చేశాను? త్రినాథ్ నా ఇంటికొచ్చి అడిగాడు కాబట్టి. 'తప్పు నాదేనని సంతకం పెడతాను సార్. గొడవ చెయ్యను. మా ఆవిడ చదువుకి తగ్గ పని ఒకటి చూపించండి, వర్క్ పర్మిట్‌తో సహా' అన్నాడు. నేను చూపించాను. నా మాట నేను నిలబెట్టుకున్నాను గిరిజా. ఈ నాలుగేళ్లూ మీరిద్దరూ ఈ దేశంలో ఉన్నది దాని మీదే."

కాకి ఒకటి ఎండిన గడ్డి పరకని ముక్కుతో లాగి పక్కన పడేసింది.

"ఉప్పు అని రాసుకో, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు అతను. "ఎవరు చల్లారన్నదానికి మార్తా మాట తప్ప సాక్ష్యం లేదు. నా పేరు ఎత్తావా, త్రినాథ్ సంతకం పెట్టిన కాగితం బల్ల మీదికొస్తుంది. మీ డైరెక్టర్ పేరూ వస్తుంది. ఆయన ఆ అవమానం భరించి నిన్ను ఉంచుకుంటాడా? ఆ పర్మిట్ ల్యాబుది. నీది కాదు. మర్చిపోకు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "సూప్ చల్లారిపోతుంది."

పన్నెండు కాకముందే, షెడ్డు వెనక గాలి తగలని చోట నిలబడి ఆమె నావన్‌కి ఫోన్ చేసింది. అవతల ఫోర్‌మన్ ఎత్తాడు. త్రినాథ్‌ని పిలుచుకురావడానికి చాలాసేపు పట్టింది. పుట్టగొడుగుల షెడ్ల ఫ్యాన్ల హోరు వినిపిస్తోంది.

"ఏంటి గిరిజా, ఈ టైములో? ఒంట్లో బాగుందా?"

"తొంభై ఏడులో గ్రీన్ల మీద ఏం పడిందో మీకు తెలుసా?"

"ఇప్పుడా సంగతెందుకు?" అన్నాడు అతను. ఆ మాటతోనే ఆమెకి అర్థమైంది. అయినా నోటితో చెప్పించాలనుకుంది.

"నాకు ఉద్యోగం ఇప్పించమని మీరు ఆయన ఇంటికెళ్లి అడిగారా?"

"ఎవరు చెప్పారు?"

"అడిగారా లేదా?"

"అడిగా." గొంతు చాలా మామూలుగా ఉంది. "అప్పటికే నా పని పోయినట్టే. ఎట్టా అయినా పోయేదే. ఇద్దరం వట్టి చేతుల్తో తిరిగెళ్లేకంటే ఒక్కళ్లన్నా నిలబడతారని అడిగా. నువ్వు ఇక్కడికొచ్చిన రెండేళ్లూ వంటింట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తా ఉండేదానివి. నాకు చూడబుద్ధి కాలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే చేరేదానివా?"

ఆమెకి ఎవరి మీద అరవాలో తెలియలేదు. త్రినాథ్ కోసం నాలుగేళ్లు పోగు చేసుకున్న కోపం చేతిలో ఉంది. ఇప్పుడు చూస్తే తన జీతం, తన తెల్లకోటు, తన పేరు చెక్కిన చిన్న ప్లాస్టిక్ ముక్క, అన్నీ ఆ అబద్ధం మీదే నిలబడి ఉన్నాయి. పగ తీర్చుకోవడానికి ఇంత దూరం వచ్చింది కూడా ఆ మనిషి ఇప్పించిన ఉద్యోగం మీదే. ఆ తర్వాత వచ్చిన కోపం ముందున్న కోపం కంటే పెద్దది. కృష్ణప్రసాద్ తన భర్తని దోషిని చేసింది చాలక, తనని అందులో వాటాదారుని కూడా చేశాడు. ఆ ముక్క నాలుగేళ్లు దాచుకుని, ఇవాళ తీసి చూపించాడు.

"నాలుగింటికి మీటింగ్," అంది. "అందరి ముందూ చెప్పేస్తున్నా."

"గిరిజా, తొందరపడబాకు. నా మాట విను. నీ ఉద్యోగం..."

ఆమె ఫోన్ కట్టేసింది. మళ్లీ మోగినా ఎత్తలేదు. కారులో కూర్చుని, పొద్దున రాసిన రిపోర్టు ఆఖరి పేజీ చింపేసి, కొత్త పేజీ మొదలుపెట్టింది. ఈసారి అందులో పేరు రాసింది. కృష్ణప్రసాద్. పూర్తి ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా, ఎవరూ మరొకలా చదవడానికి వీల్లేకుండా.

కమిటీ గది మేడ మీద ఉంది. గోడ నిండా వందేళ్ల కెప్టెన్ల ఫొటోలు. ఆఖర్న కొత్త ఫ్రేములో కృష్ణప్రసాద్ నవ్వుతున్నాడు. కింద కుర్చీలో ఉన్న కృష్ణప్రసాద్ నవ్వడం లేదు గానీ తాపీగా ఉన్నాడు. ప్యాంటు మార్చుకునే వీలు లేకపోయినట్టుంది. మోకాళ్ల మీద బురద ఆరి తెల్లటి మరకలు కట్టింది. పక్కనున్న సభ్యుడు వాటిని చూసి చూడనట్టు ఊరుకున్నాడు. బల్లకి ఈ చివర ప్రెసిడెంటు ఫోగర్టీ కూర్చున్నాడు. రిటైరైన పశువుల డాక్టరు. గాలికుంటు గొడవ మొదలైనప్పట్నుంచి సరిగా నిద్రలేని కళ్లు. ఆ చివర, తలుపుకి దగ్గరగా, మార్తా. శుభ్రమైన స్వెటర్ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. గిరిజ లోపలికి వస్తూ ఆమె వైపు చూసింది. మార్తా చూపు ఎత్తలేదు.

"మంచిది, అందరం ఉన్నాం," అన్నాడు ఫోగర్టీ. "చెప్పండి గిరిజా. మా గడ్డి బతుకుతుందా?"

ఆమె నిలబడి చదివింది. పదిహేను గ్రీన్లకి బూజు, మంచు దెబ్బ. ఏం చెయ్యాలో, ఎన్ని వారాలు ఎవర్నీ నడవనివ్వకూడదో చెప్పింది. సభ్యుల భుజాలు కాస్త సడలాయి. ఆ తర్వాత మూడు గ్రీన్ల సంగతి చెప్పి, ఫ్యాక్స్ తీసి ప్రెసిడెంటు ముందు పెట్టింది.

"ఉప్పా?" ఫోగర్టీ కళ్లజోడు సవరించుకున్నాడు. "మా గ్రీన్ల మీదా? ఎవరు చల్లారు?"

గిరిజ ఆఖరి పేజీ తిప్పింది. నోరు తెరవబోతుంటే కృష్ణప్రసాద్ చెయ్యి ఎత్తాడు.

"ప్రెసిడెంట్, ఒక్క నిమిషం. మార్తా ఏదో చెప్పుకోవాలంటోంది. ముందు ఆమె మాట వింటే ఇంకెవరి మీదా అనవసరంగా అనుమానం రాదు."

మార్తా లేచి నిలబడింది. ఎవరో రాసిచ్చింది ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"నేను చల్లాను. మంచు కరుగుతుందని. ఎవరూ చెప్పలేదు. తప్పు నాది."

గదిలో ఎవరో పాపం అన్నారు. ఫోగర్టీ పెన్ను మూత పెట్టి, అలసటగా ముఖం రుద్దుకున్నాడు. కృష్ణప్రసాద్ గిరిజ వైపు తిరిగాడు. ఆ చూపులో గెలిచానన్న సంబరం కూడా లేదు. మధ్యాహ్నం ఒక చిన్న పని పూర్తి చేసుకొచ్చిన మనిషి నిశ్చింత మాత్రం ఉంది. అది ఆమెని ఇంకా మండించింది.

చేతిలోని పేజీని బల్ల మీద పెట్టేసి, ఆమె మార్తా దగ్గరికి నడిచింది.

"మార్తా, మీ ఆయన ఎక్కడ పని చేస్తాడు?"

"బిల్డింగ్ పని. కార్క్‌లో."

"ఆయన పర్మిట్ ఎప్పటివరకు ఉంది?"

మార్తా స్వెటర్ అంచు వేళ్లకి చుట్టుకుంది. "ఏప్రిల్ పదో తేదీ."

"దాన్ని పొడిగించే ఏర్పాటు చేస్తానని ఇవాళ నీతో ఎవరన్నారు?"

మార్తా కళ్లు ఆపుకోలేక బల్ల మీదుగా వెళ్లి నీలం కోటు దగ్గర ఆగాయి. ఫోగర్టీ ఆ చూపు వెంటే తల తిప్పాడు. గదిలో ఉన్న ఆరుగురూ తిప్పారు.

"ఇదేం విచారణ?" కృష్ణప్రసాద్ కుర్చీ వెనక్కి జరిపాడు. "ఈవిడ్ని గడ్డి చూడమని పిలిచాం."

"నాలుగేళ్ల కిందట ఈ బల్ల ముందే ఒక గ్రీన్‌కీపర్ తప్పు తనదేనని సంతకం పెట్టాడు," అంది గిరిజ, ప్రెసిడెంటునే చూస్తూ. "మీకు గుర్తుందా?"

ఫోగర్టీ నొసలు చిట్లించాడు. "ఉంది. నెమ్మదస్తుడు. తలెత్తకుండా సంతకం పెట్టి వెళ్లిపోయాడు. నాకు ఎప్పుడూ వింతగానే ఉండేది. త్రినాథ్ కదూ?"

"ఆయన నా భర్త. ఆ గడ్డిని చంపింది కూడా ఉప్పే. చల్లింది కూడా ఈయనే."

గదిలో ఒక్కసారిగా కలకలం రేగింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడారు. కృష్ణప్రసాద్ లేచి, పెద్ద గొంతుతో, అందరికీ వినబడేలా అన్నాడు.

"బాగుంది! అయితే ఈవిడకి ఆ ల్యాబులో ఉద్యోగం ఎలా వచ్చిందో కూడా చెప్పమనండి. భర్త దేనికి సంతకం పెట్టాడో, ఈవిడకి ఏం దొరికిందో చెప్పమనండి. తర్వాత నా గురించి మాట్లాడదాం."

అందరూ గిరిజ వైపు తిరిగారు. ఆ వాక్యం చెబితే డ్రోహెడా లేదు, ల్యాబు లేదు, పర్మిట్ లేదు. చెప్పకపోతే మార్తా రేపు పొద్దున గేటు దగ్గర తడి పట్టా మీద కాళ్లు తుడుచుకుని వెళ్లిపోతుంది, త్రినాథ్ వెళ్లినట్టే. ఆమెకి భయం వేసింది. కానీ ఆ భయం కంటే, ఎదురుగా బురద మోకాళ్లతో నిలబడి ఉన్న మనిషిని ఈ గోడ మీద నుంచి దింపాలన్న కసి ఎక్కువగా ఉంది.

"చెబుతాను," అంది. "కూర్చోండి, అన్నయ్యగారూ. కూర్చుని వినండి."

అప్పుడే తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో త్రినాథ్ నిలబడి ఉన్నాడు. పుట్టగొడుగుల షెడ్డులో వేసుకునే రబ్బరు బూట్లు, వాటి నుంచి కారుతున్న మందునీళ్లు, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న వదులు కోటు. నావన్ నుంచి నాలుగు గంటల దారి. అతను రొప్పుతున్నాడు. కృష్ణప్రసాద్ వైపు కన్నెత్తయినా చూడలేదు. ప్రెసిడెంటు ఏదో అడగబోతుంటే చెయ్యి అడ్డంగా ఊపి, నేరుగా గిరిజ ముఖంలోకి చూశాడు.

"ఇంక ఒక్క ముక్క మాట్లాడబాకు గిరిజా," అన్నాడు తెలుగులో. "కూర్చో."

నాలుగేళ్లు దాచిన నిజం తన నోటితోనే చెప్పడానికి వచ్చాడా, లేక ఆ ఉద్యోగం కోసం మళ్లీ సంతకం పెట్టడానికి సిద్ధపడి వచ్చాడా? పదమూడేళ్లు కాపురం చేసిన మనిషి ముఖంలో గిరిజ వెతికింది. ఆమెకి ఏదీ దొరకలేదు. ఆమె కూర్చోలేదు.

త్రినాథ్ బల్ల దగ్గరికి వచ్చి, ఫోగర్టీ ముందున్న పెన్ను అందుకున్నాడు.

(సశేషం)